గల్లా దగ్గర ‘వద్దు’ అనం

చీపురుపల్లి,
సోమవారం.

బేగి బజార్ కంపెనీ వారి విజయనగరం ఆఫీసులో ఫిర్యాదులు చూసే అధికారి గారికి,

చీపురుపల్లి బజారు వీధిలో కిరాణా కొట్టు నడుపుకుంటున్న కమలాదేవి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. క్షేమంగా లేం కనక ఆ మాట రాయడం లేదు. అందుకు కారణం మీరే.

మీ యాప్ నా ఫోనులో ఉంది. ఎలా వచ్చిందని అడక్కండి. అది వేళాపాళా లేకుండా గంట కొడుతుంది. గంట వెనకాలే ఒక ఆడపిల్ల గొంతు “బేగి వచ్చీయండి, బేగి!” అని కేకేస్తుంది. బేగి అంటే త్వరగా అని మా ప్రాంతం మాట. మా మాట పట్టుకెళ్ళి మీ యాప్‌కి పేరు పెట్టుకుని, దాంతోటే మమ్మల్ని అదిలిస్తున్నారు. కేకతో పాటు తెర నిండా ప్రకటన పడుతుంది.

ఆ ఫోను ఎక్కడుంటుందో తెలుసా? గల్లా బల్ల మీద, కొనేవాళ్ళ వైపు మొహం పెట్టి. డబ్బు పడిందో లేదో వాళ్ళకీ కనిపించాలి కదా. స్టేషను దగ్గర టీ బడ్డీ నూకయ్య నాకు రోజూ బోణీ బేరం. మొన్న పొద్దున్న పంచదార తూచి, పొట్లం కట్టి చేతికిచ్చాను. సరిగ్గా అప్పుడే మీ పిల్ల కేకేసింది. తెర మీద ‘పంచదార సగం ధరకే!’ అని పడింది. నూకయ్య పొట్లం బల్ల మీద పెట్టేసి, “ఏటమ్మా, నీ ఫోనే సగానికిస్తానంతంది, నువ్వేటి నిండా అడుగుతన్నావు?” అన్నాడు. నా కొట్లో, నా బల్ల మీద, నేను కరెంటు పోసి పెంచుతున్న ఫోను నా బోణీ పాడుచేసింది.

నిన్న ఇంకా ఘోరం. గుమ్మంలో నీళ్ళు జల్లి, దీపం పెట్టి, గల్లాకి దణ్ణం పెట్టుకుంటున్నాను. ‘అయ్యో, మీ బుట్ట ఖాళీగా ఉంది!’ అని వచ్చింది. పొద్దున్నే ఖాళీ అన్న మాట మా వీధిలో శత్రువు కూడా అనడు.

యాప్‌లో సహాయం అని ఉంటే నొక్కాను. ఒక యంత్రం ‘మీ బాధ మాకు అర్థమైంది’ అని చెప్పి ఆవాల మీద తగ్గింపు చూపించింది. అడుగున చిన్న అక్షరాల్లో మీ చిరునామా దొరికింది. రాతలో ఫిర్యాదు చేస్తే రాతలో జవాబిస్తామని మీరే రాసుకున్నారు. రాశాను. ఇవ్వండి.

జవాబు వచ్చేదాకా కోపం తగ్గని,
కమలాదేవి.

తా.క.: మా ఆయన భీమశంకరరావు గారికి మీ పిల్ల గొంతు బాగుందిట. ఆ సంగతి నేను ఇంట్లో తేల్చుకుంటాను.


విజయనగరం,
శుక్రవారం.

గౌరవనీయులైన కస్టమరు గారికి,

బేగి బజార్ ఫిర్యాదుల విభాగం నుంచి ఉమాశంకర్ నమస్కరిస్తూ తెలియజేయునది. మీ లేఖ అందింది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

ప్రకటనలు ఆపడం చాలా సులువు. ఫోనులో సెట్టింగ్స్ తెరవండి. అందులో నోటిఫికేషన్స్ అని ఉంటుంది. అందులో మా యాప్ పేరు నొక్కి, ఆపండి. అప్పుడు ‘నిజంగా వద్దా?’ అని అడుగుతుంది. ‘అవును, వద్దు’ అని నొక్కాలి. మళ్ళీ ‘మమ్మల్ని మర్చిపోగలరా?’ అని అడుగుతుంది. మళ్ళీ ‘వద్దు’ అనే నొక్కాలి. పక్కనే ‘సరే, పంపండి’, ‘తర్వాత అడుగు’ అని రెండు బటన్లుంటాయి. దయచేసి వాటి జోలికి వెళ్ళకండి.

ఇదంతా కష్టమనిపిస్తే యాప్‌ను పూర్తిగా తీసెయ్యవచ్చును.

సదా మీ సేవలో,
ఉమాశంకర్,
ఫిర్యాదుల అధికారి.

తా.క.: కవరు నాలుగు మూలలా పసుపు ఉండటంతో ఎవరిదో శుభలేఖ అనుకుని మావాళ్ళు గోడకి తగిలించారు. జవాబు ఆలస్యమైనందుకు మన్నించగలరు.


చీపురుపల్లి,
ఆదివారం.

ఉమాశంకర్ గారికి,

కమలాదేవి నమస్కారాలు. ఆ పసుపు శుభానికి కాదు. పసుపు పొట్లాలు కట్టిన చేత్తో రాశాను.

మీరు చెప్పినట్టే అన్నీ తెరిచాను. ‘నిజంగా వద్దా?’ అని అడిగింది. అక్కడ ఆగిపోయాను. మీరు కిరాణా కొట్టు మొహం ఎప్పుడైనా చూశారా? గల్లా దగ్గర కూచున్నవాళ్ళు ‘లేదు’ అనరు, ‘వద్దు’ అనరు. సరుకు అయిపోతే నిండుకుంది అంటాం. కొట్టు మూశాం అనం, కట్టేశాం అంటాం. కంపెనీ ఏజెంటు పనికిమాలిన సబ్బులు అంటగట్టడానికి వస్తే కూడా, రేపు రా నాయనా అంటాం. ఆ రేపు రాదని వాడికీ తెలుసు, మాకూ తెలుసు. మర్యాద మర్యాదగా ఉంటుంది, పని పనిగా జరుగుతుంది.

గల్లా దగ్గర కాకపోతే పడగ్గదిలో నొక్కుకోండి అంటారేమో. అక్కడే ఉంది చిక్కు. ఇదివరకు డబ్బు పెట్టెలో పడేది. ఇప్పుడు ఫోనులో పడుతోంది. అంటే ఇప్పుడు గల్లా ఏది? ఫోనే గల్లా. మొన్న దీపావళికి దానికి కూడా కుంకుమ పెట్టి హారతిచ్చాం. కుంకుమ రంధ్రంలోకి పోయి కొన్నాళ్ళు దానికి మాట వినపడలేదు కూడాను. అలాంటి గల్లా మీద వేలు పెట్టి, ‘అవును, వద్దు’ అని రెండేసిసార్లు నొక్కమంటారా? లక్ష్మీదేవి అటుగా వెళ్తూ చదివితే ఏమనుకుంటుంది?

అందుకని ఏజెంటుకి చెప్పినట్టే ‘తర్వాత అడుగు’ అని నొక్కాను. మీ వాడికి ఆ మర్యాద తెలియనట్టుంది. నిజంగానే తర్వాత అడిగాడు. రోజూ అడుగుతున్నాడు. ఇప్పుడు ప్రకటనలకి తోడు, ప్రకటనలు ఆపమంటారా అనే గంట ఒకటి అదనం.

నేను ‘వద్దు’ అనను. మీరే ఆపండి. యాప్ తీసెయ్యను కూడా. ఎందుకు తీసెయ్యనంటే, అది నా ఇష్టం.

పట్టు విడవని,
కమలాదేవి.

తా.క.: నూకయ్య ఇప్పుడు నన్ను ధర అడగడం మానేశాడు. వచ్చి ఫోనుకేసి చూసి, “ఏటంతంది ఇవాళ?” అంటున్నాడు.


విజయనగరం,
గురువారం.

మా బంగారు సభ్యురాలు శ్రీమతి కమలాదేవి గారికి,

ఉమాశంకర్ శుభాభినందనలు. మీ లేఖ మా పెద్దసారుకి చదివి వినిపించాను. ‘నేను వద్దు అనను, యాప్ తీసెయ్యను’ అన్న రెండు వాక్యాల దగ్గర ఆయన కదిలిపోయారు. ఇంత అభిమానం ఎక్కడా చూడలేదన్నారు. మిమ్మల్ని వెంటనే బంగారు సభ్యులుగా చేర్చమన్నారు. ఇకనుంచి ప్రకటనలన్నీ అందరికంటే ముందు మీకే వస్తాయి. తెల్లవారుజామున శుభోదయం సందేశం అదనం.

మీ గురించి కంప్యూటరులో చూశాం. మీరు రోజూ పొద్దున్నే యాప్ తెరిచి, కందిపప్పు దగ్గర్నుంచి కర్పూరం దాకా ప్రతి సరుకూ చూస్తున్నారు. ఏదీ కొనడం లేదు. మీకు కొనాలని ఉంది గాని మొహమాటపడుతున్నారని మా కంప్యూటరు అభిప్రాయం.

ఇంకొక శుభవార్త. మీ ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ మీలాగే రోజూ యాప్ చూస్తూ, ‘వద్దు’ అనకుండా ఉన్న అభిమానులు చాలామంది ఉన్నారని తేలింది. ఈ ఆదరణ చూసి చీపురుపల్లి స్టేషను రోడ్డులో కంపెనీ గోడౌను పెడుతోంది. ఆ తర్వాత ఏ సరుకైనా పది నిమిషాల్లో మీ గుమ్మంలో ఉంటుంది.

సదా మీ సేవలో,
ఉమాశంకర్.

తా.క.: మొదటి ఆర్డరుకి పంచదార ఉచితం. నూకయ్య గారికి కూడా చెప్పగలరు.


చీపురుపల్లి,
శనివారం.

ఉమాశంకర్ గారికి,

నమస్కారం అలవాటు కొద్దీ రాస్తున్నాను.

మీ ఉత్తరం చదివి మా ఆయన, “పోన్లే, బంగారం ఇచ్చారుగా” అన్నారు. ఆయనకి ఆ పూట ఉప్మాలో ఉప్పు వెయ్యలేదు.

గోడౌను సంగతి సూటిగా మాట్లాడుకుందాం. స్టేషను రోడ్డులో మీ గోడౌను వస్తే నా కొట్టు ఉండదు. ఈ కొట్టు మా అత్తగారు పెట్టింది. ఆవిడ పోయాక గల్లా దగ్గర నేను కూచున్నాను. ఏ ఇంట్లో ఏ పప్పు తింటారో, ఎవరికి కారం పడదో, ఏ ఇంట్లో చుట్టాలు దిగారో నాకు చీటీ చూడకుండా తెలుసు. మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు భయంగా ఉంది. దాచుకోవడం ఎందుకు, నిజంగానే భయంగా ఉంది. అయితే నాకు భయం వేస్తే ఏడుపు రాదు, కోపం వస్తుంది. అది మీ దురదృష్టం.

మీరు నాకు చేసిందే నేను మీకు చేస్తాను. నాకంటూ సొంత యాప్ లేదు గాని పోస్టాఫీసుంది. మా పోస్టుమాస్టరు దగ్గర కార్డులన్నీ కొనేశాను. ఇక చదువుకోండి.

సమరానికి కొంగు బిగించిన,
కమలాదేవి.

తా.క.: ఆఫీసుకే కాదు, అరసవల్లిలో మీ ఇంటికి కూడా రాస్తాను. చిరునామా ఎక్కడిదని అడక్కండి. నా ఫోను నెంబరు మీకెక్కడిదని నేనడిగానా?


(ఆ పై వారాల్లో ఉమాశంకర్‌కి అందిన కార్డులలో కొన్ని)

ఉమాశంకర్ గారూ! మీరు మా కొట్టుకి వచ్చి చాలా రోజులైంది. (ఎప్పుడూ రాలేదు. మీరూ నాకు ఇలాగే రాస్తారు.) కొత్త చింతపండు దిగింది. బేగి రండి. – క.

ఆఖరి అవకాశం! ఈ బెల్లం ఇవాళ్టితో సరి. – క.
తా.క.: రేపు కూడా ఉంటుంది. ఎల్లుండి మళ్ళీ ఆఖరి అవకాశం.

మీ వీధిలో ఒకాయన ఇప్పుడే ఉలవలు కొన్నాడు. మీరెందుకు కొనలేదా అని మేమంతా ఆలోచిస్తున్నాం. – క.

నిన్నటి కార్డులో బెల్లం అన్న మాట దగ్గర మీరు కాసేపు ఆగారు. అప్పట్నుంచి బెల్లం మిమ్మల్ని మర్చిపోలేకపోతోంది. – క.

మీరు రాక మా గుమ్మం చిన్నబోయింది. అలిగారా? – క.


విజయనగరం,
బుధవారం.

కమలాదేవి గారికి,

ఉమాశంకర్ రెండు చేతులూ జోడించి రాస్తున్నాను. దయచేసి కార్డులు ఆపండి.

ఆఫీసులో పోస్టుమ్యాన్ వచ్చేసరికి అందరూ పని ఆపి నా బల్ల చుట్టూ చేరుతున్నారు. కార్డులు గట్టిగా చదువుతున్నారు. బెల్లం కార్డు చదివిన రోజు మా వాచ్‌మన్ అచ్చు బెల్లం కావాలన్నాడు. తర్వాత ఫోన్లు ఎత్తే అమ్మాయిలు చింతపండు అడిగారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కిందటి వారం మీ కొట్టుకి వచ్చి రెండు సంచుల సరుకు పట్టుకెళ్ళిన బట్టతల ఆయన మా అకౌంటెంటు. బేగి బజార్ ఆఫీసులో ఎవరూ బేగి బజార్‌లో కొనడం లేదు.

అది నేను భరించగలను. ఇంట్లో సంగతి భరించలేకుండా ఉన్నాను. ఆ గుమ్మం చిన్నబోయిన కార్డు మా అమ్మ రాజకుమారి చేతిలో పడింది. “ఎవుర్రా ఈ క? గుమ్మం సిన్నబోనాదంట, నువ్వలిగినావంట. సీపురుపల్లిలో ఏటి యవ్వారం నడుపుతన్నావు?” అని పట్టుకుంది. అదంతా ఫిర్యాదు అని చెప్పాను. “ఫిర్యాదులోన బెల్లమేటిరా? నాకేటి తెల్దనుకున్నావా? ఆ గుంటని నాను సూడాల” అంటోంది. పిల్లని చూడ్డానికి అరటిపళ్ళు కూడా కొని ఉంచింది. నేను అన్నం సరిగా తినడం లేదు.

ఇంకొకటి. మా పెద్దసారు మిమ్మల్ని విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోకీ ఉత్తమ కస్టమరుగా ఎంపిక చేశారు. గోడౌను ప్రారంభానికి రిబ్బను మీ చేతే కత్తిరించాలని ఆయన కోరిక. మీ సమ్మతి తెలుపగలరు.

కార్డులు ఆపించడానికి నేనేం చెయ్యాలో కూడా తెలుపగలరు.

అలసిపోయిన,
ఉమాశంకర్.

తా.క.: ఆ ఉలవలు కొన్న మా వీధి ఆయన ఎవరండీ? నిజంగా కొన్నాడా?


చీపురుపల్లి,
సోమవారం.

చిరంజీవి ఉమాశంకర్‌కి,

కమలాదేవి ఆశీస్సులు. గారు తీసేశాను. ఎందుకో చెబుతాను.

ఇవాళ పొద్దున్న దీపం పెట్టి గల్లా దగ్గర కూచున్నాను. ఇంకా బోణీ కాలేదు. అరటిపళ్ళ సంచీతో ఒకావిడ గుమ్మంలోకి వచ్చి, “ఇక్కడ కమల అన్న గుంట ఎవరు?” అంది. నేనే అన్నాను. ఆవిడ నా నెరిసిన తల చూసింది, కళ్ళజోడు చూసింది, లోపల పప్పు బాగుచేస్తున్న మా ఆయన్ని చూసింది. మెట్టు మీద చతికిలబడి, “ఓలమ్మా! నా కొడుకుని నువ్వా పిలస్తన్నావు!” అని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. మీ అమ్మ మంచి మనిషి. నవ్వడం అయ్యాక పావుకిలో మిరియాలు కొని, ఇవాళ్టి బోణీ ఆవిడే చేసింది. అరటిపళ్ళు మేమే తిన్నాం.

మాటల్లో గోడౌను సంగతి, ఫోను సంగతి అన్నీ చెప్పాను. ‘వద్దు’ అని నొక్కలేనన్నాను. ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. “మా ఇంట్లోన బియ్యం అయిపోతే లేవని నానంతానేటి? నిండుకున్నాయనే అంతాను. ఈ గుంటడు సిన్నప్పట్నుంచి ఈ మాట సెవులారా ఇంతన్నాడు కదా, వాడికా మాత్రం తెల్దేటి?” అంది. నాయనా, నాకూ అదే అనుమానం. అమ్మ నోట రోజూ విన్న మాట ఆఫీసు కుర్చీలో కూచోగానే ఎలా మర్చిపోయావు?

కార్డులు ఆపడం చాలా సులువు. చీపురుపల్లి వచ్చి నా మొహం మీద ‘వద్దు’ అనాలి. ‘నిజంగా వద్దా?’ అని నేనడుగుతాను. అవునన్నాక మా ఆయన్ని లేపి ఆయన చేత అడిగిస్తాను. ఆయన మధ్యాహ్నం నిద్రపోతారు, లేవరు. మళ్ళీ మర్నాడు రావాలి.

ఇంకొక దారి ఉంది. మీ యాప్‌లో ఆ ‘అవును, వద్దు’ పీకేసి, దాని చోట ‘నిండుకుంది’ అని పెట్టించు. అది నేను నొక్కుతాను. గల్లా మీద కుంకుమ ఉండగానే నొక్కుతాను. ఇది జరిగిన రోజున కార్డులు ఆగుతాయి.

రిబ్బను సంగతంటావా, కత్తెర పట్టుకుని తప్పకుండా వస్తాను. రిబ్బను దగ్గర ఆగుతానని మాత్రం మాటివ్వలేను.

మీ అమ్మకి కొత్తగా స్నేహితురాలైన,
కమలాదేవి.

తా.క.: మీ వీధిలో ఉలవలు ఎవరూ కొనలేదు. మీ యాప్ ‘ఇప్పుడే కొన్నారు’ అని చెప్పే పక్కింటివాళ్ళు కూడా అలాంటివాళ్ళేనని ఆ కార్డు రాస్తుంటే అర్థమైంది.


విజయనగరం,
శనివారం.

అమ్మా,

ఉమాశంకర్ నమస్కారాలు. ఇక్కడ కల్లోలంగా ఉంది.

ఉత్తమ కస్టమరు కోరిందంటే కాదనకూడదని పెద్దసారు మీ మాట ఒప్పుకున్నారు. ప్రకటనలు ఆపే చోట ‘నిండుకుంది’ అని బటన్ పెట్టించారు, మన రెండు జిల్లాలకే, ప్రయోగంగా. గురువారం తెల్లారేసరికి అది ఫోన్లలోకి వచ్చింది. మధ్యాహ్నం భోజనాలవేళకి అందరూ నొక్కేశారు. మీరొక్కరే కాదమ్మా. మా లెక్కల్లో అభిమానులుగా ఉన్న ప్రతి ఒక్కరూ. చీపురుపల్లి, అరసవల్లి, భోగాపురం, ఎక్కడా ఒక్కరు మిగల్లేదు. మా కంప్యూటరు పాడయిందేమోనని రెండుసార్లు ఆపి, మళ్ళీ పెట్టి చూశారు. పాడవలేదు.

పెద్దసారు కొంతమందికి ఫోన్ చేయించారు. ఎందుకు నొక్కారండీ అంటే ప్రతివాళ్ళూ మర్యాదగా, “రేపు మాట్లాడదాం బాబూ” అని పెట్టేశారు. ఇంతమంది ఇన్నాళ్ళు రోజూ వచ్చి సరుకులు ఎందుకు చూశారో, ఒక్కసారిగా ఎందుకు పొమ్మన్నారో మాకెవరికీ అంతు పట్టడం లేదు. గోడౌను పని ప్రస్తుతానికి ఆపారు.

కానీ ఆయన ఊరుకునే మనిషి కాదు. కొత్త ఆలోచన చేశారు. గోడౌను కట్టే బదులు మీ కొట్టునే తీసుకుంటారట. మీ బోర్డు తీసి బేగి బోర్డు పెడతారు. ధరలు కంప్యూటరు చూసుకుంటుంది. మీకు నెలజీతం, కంపెనీ నీలం చొక్కా. వారంలోగా మీ నుంచి ‘వద్దు’ అని రాతలో రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్కట. “ఆవిడ చచ్చినా వద్దు అనదయ్యా, నువ్వే చెప్పావుగా” అన్నారు. మీ ఉత్తరాలు ఆయనకి చదివి వినిపించినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నేను ఈ మాట రాయకూడదు. కంపెనీ ఉప్పు తింటున్నాను. అయినా రాస్తున్నాను. అమ్మా, ఒక్కసారికి అనెయ్యండి.

మీ,
ఉమాశంకర్.

తా.క.: ఆ ఉప్పు కూడా మీ కొట్లోదే. అకౌంటెంటు తెచ్చాడు.


చీపురుపల్లి రైల్వే స్టేషను,
మంగళవారం.

చిరంజీవి ఉమాశంకర్‌కీ, వాళ్ళ పెద్దసారుకీ,

కమలాదేవి రాస్తున్నది. ఇద్దరూ కలిసి చదువుకోండి.

ఈ ఉత్తరం కొట్లో కూచుని రాయడం లేదు. మా ఆయన్ని కొట్లో కూచోబెట్టి, ఫోను అక్కడే వదిలి, స్టేషనుకి వచ్చి సిమెంటు బల్ల మీద కూచున్నాను. ఇక్కడ గల్లా లేదు. నూకయ్య టీ ఇచ్చి, “ఏటమ్మా, ఊరెల్లిపోతన్నావేటి?” అన్నాడు. ఒక మాట రాయడానికి వచ్చాను అన్నాను.

వద్దు.

మీ బోర్డు వద్దు. మీ జీతం వద్దు. ఆ నీలం చొక్కా నాకూ వద్దు, మా ఆయనకీ వద్దు. పెళ్ళయి ఈ కొట్లో అడుగుపెట్టాక వ్యాపారం విషయంలో ఈ మాట రాయడం ఇదే మొదలు. మొదటి వద్దు రాసేసరికి నూకయ్య టీ చల్లారిపోయింది. తర్వాతవి హాయిగా వచ్చాయి. ఇంకోసారి కూడా రాసుకుంటాను. వద్దు.

ఇక మీకు అంతు పట్టని సంగతి. నాకూ మొన్నటిదాకా తెలీదు. మీ బటన్ వచ్చిన సాయంత్రం మా వర్తక సంఘం మీటింగు జరిగింది. అందరి మొహాలూ అదోలా వెలిగిపోతున్నాయి. ఒకాయన, “ఇవాళ కొట్లో ఎంత నిశ్శబ్దంగా ఉందో” అని నోరు జారాడు. నీ ఫోనులో కూడా ఆ గంట ఉండేదా అని ఇంకొకాయన అడిగాడు. అక్కడితో అందరం బయటపడిపోయాం. పచారీ కొట్టు, బియ్యం కొట్టు, నూనె కొట్టు, నేను. ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం అందరం మీ యాప్ పెట్టుకున్నాం. పొద్దున్నే లేచి మీ కందిపప్పు ధర చూసుకుని, దానికంటే ఒక్క రూపాయి తగ్గించి మా ధర పెట్టుకుంటున్నాం. శ్రీకాకుళం నుంచి సరుకుకి వచ్చిన వర్తకులు కూడా తలలు గోక్కుంటూ, అక్కడ కూడా అంతేనన్నారు. అందరం గల్లా దగ్గర కూచునేవాళ్ళమే. అందుకే ఎవరి వేలూ ‘వద్దు’ మీద పడలేదు.

అంచేత పెద్దసారూ, ఈ రెండు జిల్లాల్లో మీరు అభిమానులు అనుకున్నవాళ్ళందరూ కిరాణా కొట్లవాళ్ళే. రోజూ వచ్చాం, అన్నీ చూశాం, ఏనాడూ ఒక్క అగ్గిపెట్టె కొనలేదు. మీ లెక్కల్లో మీరే చూసుకోండి. మీరు గోడౌను కట్టి ఉంటే, కొనడానికి ఎవరొచ్చేవారో నాకు తెలీదు. ధరలు చూడ్డానికి మాత్రం అందరం వచ్చేవాళ్ళం.

మా ఉమాశంకర్‌ని ఏమీ అనకండి. కొనేవాళ్ళు లేని ఊళ్ళో గోడౌను కట్టకుండా మిమ్మల్ని కాపాడింది వాడు పెట్టించిన బటనే. వాడికి జీతం పెంచండి. నాయనా, ఈ ఆదివారం మీ అమ్మని తీసుకుని భోజనానికి రా. ఉలవచారు చేస్తాను. రిబ్బను లేదు, కత్తెర లేదు, భయపడకు.

రైలు వస్తోంది. దీన్ని స్టేషను పెట్టెలో వేసి కొట్టుకి పోతాను. మా ఆయన ఒంటరిగా ఉంటే చుట్టాలందరికీ ధర తగ్గించేస్తారు.

నా బోర్డు కింద నేనే కూచునే,
కమలాదేవి.

తా.క.: యాప్ మాత్రం తీసెయ్యకండి. నిన్న పొద్దున్న మీ మినప్పప్పు ధర ఆలస్యంగా పెట్టారు. మా వీధిలో అందరం బోణీ ఆపుకుని కూచోవలసి వచ్చింది. రేపట్నుంచి కాస్త వేళకి పెట్టగలరు.